వంక పెట్టడానికి లేదు

మూతపిల్లా,

నీ ఉత్తరం చేతికొచ్చింది. ఒకసారి చదివి, పిండి డబ్బా కింద పెట్టేసి ఇంటిపనిలో పడ్డాను. మనసు ఊరుకోక మళ్ళీ తీసి చదివాను. నాన్నకి పక్షవాతం వచ్చి మంచం పట్టాడనీ, మాట పోయిందనీ, ఇక చేసేదేం లేదని ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారనీ, ఆయన కళ్ళు మూసేలోగా నేనొచ్చి ఒక్కసారి కనిపించాలనీ రాశావు. నేను రాను. ఈ ముక్క ఫోన్లోనే చెప్పొచ్చు. చెబితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను అరుస్తాను, పక్కవాటా వాళ్ళు కిటికీలోంచి తొంగి చూస్తారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

"రాను" అని రాసి సంతకం పెట్టేస్తే సరిపోయేది. కానీ నువ్వు చివర్లో "ఎంత రాతిగుండె అక్కా నీది, కన్నతండ్రి మీద ఇంత కక్షా" అని ఒక ముక్క తగిలించావు చూడు, అది నాకు మింగుడు పడలేదు. కక్ష కాదే తల్లీ. ఎవరికీ చెప్పనిది, మీ బావగారికి కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నది ఒకటుంది. అది చెప్తాను. విన్నాక నువ్వే అను, నేను రావాలో అక్కర్లేదో.

మన పింగాణీ కొట్టు నీకెంత గుర్తుందో నాకు తెలీదు. నాన్న నిన్ను పక్కింటి మామ్మ దగ్గర వదిలేసి నన్ను మాత్రం వెంట తీసుకెళ్ళేవాడు. బడి వదిలిన దగ్గర్నుంచి నా మకాం అక్కడే. పాత బజారంతా ఒక పెద్ద రేకుల కప్పు కింద ఉండేది కదా. ఆ కప్పులో అక్కడక్కడా గాజుపలకలు బిగించి ఉండేవి. ఎండ వాటిలోంచి దిగి సందులో నేల మీద పలకలు పలకలుగా పడేది. నేను ఆ ఎండ పలకల్లో కాలు పడకుండా గెంతుకుంటూ వెళ్ళేదాన్ని. సందు మొదట్లో తాళాల కొట్టు, అందులో పొద్దస్తమానం ఆకురాయి గీకుడు. దాని పక్కన తాళ్ళూ గోనెసంచులూ అమ్మే ఆవిడ. ఎవరేమడిగినా ముందు నాలుగు తిట్టి, ఆ తర్వాత సరుకిచ్చేది. జనం మాత్రం ఆవిడ దగ్గరికే వెళ్ళేవాళ్ళు, ఎందుకో మరి. మనకెదురుగా గొడుగులు బాగుచేసే బాబాయి. వాన పట్టిందంటే ఆయనకి తినడానికి తీరిక ఉండేది కాదు, ఎండాకాలమంతా మన కొట్టు మెట్టు మీదే కూర్చుని నాన్నతో కబుర్లు.

సరుకు చెక్కపెట్టెల్లో వచ్చేది. నాన్న మేకులు పీకి పలక లేపగానే ఎండుగడ్డి వాసన గుప్పున కొట్టేది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. నేను గడ్డిలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి కప్పులూ సాసర్లూ ఒక్కొక్కటే తీసిచ్చేదాన్ని. నాన్న ప్రతి కప్పునీ వేలి కొసకి తగిలించి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. మంచిదైతే ఖంగుమంటుంది. బీట వారి ఉంటే టప్పుమని ఊరుకుంటుంది. సన్నటి బీట కంటికి ఆనదు, చెవికి మాత్రం పట్టుబడిపోతుంది. నాకూ నేర్పాడు. నేను సరిగ్గా చెప్పినప్పుడల్లా నా జడలో చిక్కుకున్న గడ్డిపరకలు ఏరి పారేస్తూ నవ్వేవాడు. అబద్ధమెందుకు, నా చిన్నతనంలో నేను సంతోషంగా ఉన్న చోటు అదొక్కటే.

నీకు మూతపిల్ల అని పేరొచ్చింది కూడా అక్కడే. నాన్న నిన్ను ఎప్పుడు తీసుకొచ్చినా చక్కెర గిన్నె మూత ఒకటి పట్టుకుని వదిలేదానివి కాదు. లాక్కుంటే సందు ఎగిరిపోయేలా ఏడుపు. గొడుగుల బాబాయి నిన్ను చూడగానే "మూతపిల్ల వచ్చిందహో, గిన్నెలు దాచుకోండి" అని కేకపెట్టేవాడు.

ఇక అసలు సంగతి. ఆ సందులో రెండు రకాల మాట ఉండేది. ఒకటి ఇంటి మాట, రెండోది కొట్టు మాట. గల్లా పెట్టెకి అవతల కొనేవాళ్ళు నిలబడి ఉన్నంతసేపూ కొట్టువాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది కొట్టు మాట. అంతా తిరగేసి చెప్పాలి. "తొందరేం లేదు" అంటే త్వరగా తెమల్చు అని. "పెద్దమనిషి వచ్చారు" అంటే గంటసేపు బేరమాడి ఉత్తచేతులతో పోయే రకం అని. "టీ చెప్పు" అంటే టీ గీ ఏం వద్దు అని. నాకింకా వంటబట్టని రోజుల్లో నాన్న "అమ్మాయీ, వీరికి టీ చెప్పు" అంటే నేను నిజంగానే పరుగెత్తి టీ పట్టుకొచ్చాను. వచ్చినాయన హాయిగా టీ తాగి, మీసం తుడుచుకుని, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. సందు సందంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ తర్వాత నేను మళ్ళీ పొరపాటు పడలేదు.

సరుకు విషయంలోనూ అంతే. బీట వారిన కప్పుని నాన్న చేతిలో తిప్పుతూ "ఇది బంగారం. వంక పెట్టడానికి లేదు. ఇలాంటిది మళ్ళీ దొరకదు" అనేవాడు. కొనేవాళ్ళు తమకి చెబుతున్నాడనుకునేవాళ్ళు. చెప్పేది నాకు. ఇది బీట ముక్క, మళ్ళీ విప్పి చూడకుండా గట్టిగా చుట్టిచ్చెయ్ అని. నేను దొంతరలోంచి పాత పేపరు లాగి చుట్టేసేదాన్ని. అదే, వాడుక మనుషుల కోసం దాచుకున్న మంచి సెట్టు మీద కొత్తవాళ్ళెవరైనా చెయ్యి వేశారనుకో, "అబ్బే, అది దేనికీ పనికిరాదండీ" అనేవాడు. అంటే అది ఇచ్చేది కాదు, లోపల పెట్టెయ్ అని. తప్పో ఒప్పో నాకు తెలీదు, సందులో అందరూ అలాగే చేసేవాళ్ళు. నా చెవులు ఆ మాటకి అలవాటుపడిపోయాయి.

అమ్మ పోయిన ఏడాది అత్తయ్య వాళ్ళ ఊరినుంచి వచ్చింది. సామాను ఇంట్లో దింపుకుని తిన్నగా కొట్టుకే వచ్చింది. వచ్చి, కొనేవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చుంది. నాన్న గల్లా వెనక నిలబడి ఉన్నాడు. ఆ రోజు మామ్మకి ఒంట్లో బాగాలేదని నువ్వూ కొట్లోనే ఉన్నావు, ఖాళీ పెట్టెలో గడ్డి మీద కూర్చుని. అత్తయ్య ఉపోద్ఘాతమేమీ లేకుండా మొదలుపెట్టింది.

"తల్లి లేని పిల్లలిద్దర్నీ ఈ కొట్టుతోపాటు ఎలా సాకుతావురా తమ్ముడూ? నాకా పిల్లలు లేరాయె. ఒకదాన్ని నాకియ్యి. నా కడుపున పుట్టినదానిలా చూసుకుంటా. చిన్నదాన్నివ్వు. ముద్దుగా ఉంది, తొందరగా మరిగిపోతుంది."

 నాన్న చేతిలో ఉన్న గుడ్డతో తుడిచిన చోటే తుడుస్తున్నాడు. తర్వాత అన్నాడు.

"చిన్నదెందుకక్కా! అదొట్టి ఏడుపుగొట్టుది. దేనికీ పనికిరాదు. పెద్దదాన్ని తీసుకెళ్ళు. పెద్దది బంగారం. వంక పెట్టడానికి లేదు. ఇలాంటి పిల్ల నీకు మళ్ళీ దొరకదు."

మూతా, నా చెయ్యి అలవాటు కొద్దీ పాత పేపర్ల దొంతర మీదకి వెళ్ళింది. వెళ్ళాక తెలిసింది, చుట్టాల్సింది నన్నే అని. నేను నాన్న మొహంలోకి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. గల్లాకి అవతల పట్టుకుపోయే మనిషి ఉంది, ఇవతల అమ్మే మనిషి ఉన్నాడు, అన్న మాటలు ఆ మాటలే. ఇంకేం అర్థం చేసుకోమంటావు? నిన్ను లోపల దాచుకున్నాడు, నన్ను వదిలించుకున్నాడు. నాలో ఏం బీట చూశాడో నాకు ఈ రోజుకీ తెలీదు. పదేళ్ళ పిల్లని, అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆ సందులోంచి నడిచి వెళ్ళిపోయాను. ఏడవలేదు. బీట ముక్క చప్పుడు చెయ్యదు కదా.

అత్తయ్య నన్ను బాగానే చూసుకుంది, కాదనను. చదివించింది, ఉద్యోగం వచ్చేదాకా వెనకుండి నడిపించింది. కానీ నాకో రోగం పట్టుకుంది. ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్ళంతా చెమటలు పోస్తాయి. పెళ్ళయిన కొత్తలో మీ బావగారు "వంట అదిరింది" అంటే ఆయన కంచం ముందు నుంచి గిన్నె లేపి పారబోశాను. పాపం, ఆ మనిషి బిత్తరపోయాడు. ఇప్పుడు నోరు మెదపకుండా తిని లేస్తాడు, అదీ ఒక కాపురమే. మా బళ్ళో పెద్ద పంతులమ్మ "మీలాంటి టీచరు మళ్ళీ దొరకరు" అన్న రోజున నేను ఇంకో బడికి దరఖాస్తు పెట్టుకున్నాను. నవ్వుకో, పర్లేదు. నాకు మాత్రం నవ్వు రాదు.

సెలవులకి నాన్న అత్తయ్య ఇంటికి నన్ను చూడ్డానికి వచ్చేవాడు. ముందు గదిలో కూర్చునేవాడు, మంచినీళ్ళు తాగేవాడు, వెళ్ళిపోయేవాడు. ఒక్కనాడైనా "అమ్మా, నీ మీద ప్రేమ లేక పంపలేదు" అని అనలేదు. ఆ ఒక్క ముక్క అని ఉంటే నేను ఆయన కాళ్ళు చుట్టేసుకునేదాన్ని. అనలేదు కాబట్టే నేను విన్నది నిజమని ఖాయం చేసుకున్నాను. ఇప్పుడు మాట పడిపోయిందన్నావు. ఇక అనే ఆశ కూడా లేదు. మరి నేను వచ్చి ఏం చూడాలి? నువ్వు దాచుకున్న కూతురివి, నువ్వు దగ్గరున్నావు, చాలదా?

నీ అక్క

*

అక్కా,

నీ ఉత్తరం మీద నాకు కోపం లేదు. ఏడుపు మాత్రం ఆగడం లేదు. నాన్న పక్కబట్టలు మార్చి, చాకలి మూట కట్టి, కుట్టుమిషను దగ్గర కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

నువ్వు ఆ మాటల్ని తిరగేసి విన్నావు. నేను ఉన్నదున్నట్టు విన్నాను. గడ్డి పెట్టెలో కూర్చుని, ఆరేళ్ళదాన్నే అయినా, ప్రతి ముక్కా విన్నాను. నాకు కొట్టు మాట సంగతి ఎవరు చెప్పారు? నిన్నటి నీ ఉత్తరం దాకా అలాంటిదొకటి ఉందనే తెలీదు. నాకు తెలిసిందల్లా ఒకటే. అక్క బంగారం, అందుకని అత్తయ్య తీసుకెళ్ళింది. నేను ఏడుపుగొట్టుదాన్ని, దేనికీ పనికిరాను, అందుకని మిగిలిపోయాను. దాచుకున్న కూతురివి అంటావేంటే? నేను అమ్ముడుపోని సరుకునని కదా అనుకుంటూ పెరిగాను!

ఆ రోజు నుంచి నేను ఏడవడం మానేశాను, నీకు తెలుసా? పనికొస్తానని చూపించాలని నా తాపత్రయం. సరిగ్గా ఊహ తెలియకముందే వంటిల్లు నెత్తినేసుకున్నాను. నాన్న చొక్కాలకి గుండీలు నేనే కుట్టాను, ఇంటి గోడలకి సున్నం నేనే వేశాను. కుట్టుపని నేర్చుకుని ఆ సంపాదన ఆయన చేతిలో పోశాను. ఆయన "ఊఁ" అనేవాడు. అంతే. బాగుంది అనలేదు, బాలేదు అనలేదు. మీ మరిది అంటుంటాడు, "నువ్వు కూర్చోగా నేను పెళ్ళయ్యాక చూడలేదు" అని. కూర్చుంటే ఎవరో వచ్చి పనికిరానిదానివని లేపేస్తారని నా భయం. నీకేమో ఎక్కడో ఊళ్ళో చదువు, ఉద్యోగం. నిన్ను తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది అక్కా. నీ మీద అసూయతోనే సగం బతుకు గడిచిపోయింది. నువ్వక్కడ అలా కుమిలిపోతున్నావని కల్లో కూడా అనుకోలేదు.

నీ ఉత్తరం చదివాక కాళ్ళు నిలవలేదు. నాన్న దగ్గర మీ మరిదిని కూర్చోబెట్టి బజారుకి వెళ్ళాను. మన కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. గాజుపలకలు మసిపట్టి సందంతా చీకటి. గొడుగుల బాబాయి మాత్రం అలాగే ఉన్నాడు, గొడుగులు కాదుగానీ సంచుల జిప్పులు కుడుతున్నాడు. చూపు ఆనక నన్ను గుర్తుపట్టలేదు. "మూతపిల్లని" అన్నాను. "ఇంత మూతా!" అన్నాడు. ముసలాడికి ఎకసెక్కాలు తగ్గలేదు. కానీ నేను అత్తయ్య వచ్చిన రోజు సంగతి ఎత్తగానే సూది పక్కన పెట్టేశాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ అక్క వెళ్ళిన మర్నాడు ఒకావిడ టీ సెట్టు కోసం వచ్చిందమ్మా. మీ నాన్న బీట కప్పు చేతిలోకి తీసుకున్నాడు. ఇది బంగారం అనడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను ఎదురుగా చూస్తున్నాను కదా, కప్పుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. చివరికి, అమ్మా ఇది బీట వారింది, తీసుకోకండి అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. సందులో వాళ్ళంతా వేళాకోళం. నేను వెళ్ళి, ఏమైందన్నా అని అడిగాను. నిన్న మా అక్కతో కొట్టు మాట మాట్లాడానో ఇంటి మాట మాట్లాడానో నాకే తెలీడం లేదురా అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు, చిన్నది ఉబ్బసం పిల్ల, కొత్తచోట బతకదని భయం. పెద్దది ఎక్కడైనా నెగ్గుకొస్తుంది, అక్కడ చదువుకుంటుంది. అందుకని దాన్ని తీసుకెళ్ళమన్నాను. కానీ మాట ఎత్తుకుంటే నోటికి అలవాటైన మాటలే వచ్చాయి. పెద్దది నా మొహంలోకి చూసింది. అదేం అనుకుందో అడగడానికి నాకు ధైర్యం లేదు. అడిగి, కాదమ్మా నువ్వు నిజంగానే బంగారానివి అంటే, అది మళ్ళీ తిరగేసి వింటుంది. నేను నేర్పిన చెవులే కదా అన్నాడు. ఆ తర్వాత మీ నాన్న నోట ఎవర్నీ ఒక మెచ్చుకోలు వినలేదమ్మా. సరుకునీ లేదు, మనిషినీ లేదు. నిన్నయితే కొట్టు గడప తొక్కనివ్వలేదు. ఆ కొట్టు మాట నీకు అంటకూడదని."

నాన్నకి వ్యాపారం చేతకాక కొట్టు మూతపడిందని మనం అనుకున్నాం కదా అక్కా. అది కాదు. వచ్చినవాళ్ళకల్లా సరుకులో ఉన్న బీట చూపించి పంపేస్తే ఏ కొట్టు నిలబడుతుంది?

నాకు ఉబ్బసం ఉండేదని నాకే గుర్తులేదు. ఎప్పుడు తగ్గిందో కూడా తెలీదు. దాన్ని పట్టుకుని ఇంత జరిగింది చూడు.

ఇంకొకటి చెప్పలేదు నీకు. మాట పడిపోయిందని రాశాను గానీ, ఒక్క మాట మిగిలింది. "బాగుంది." అదొక్కటే వస్తుంది ఆయనకి. చేదు మందు పోస్తే "బాగుంది". పక్క తడిసిపోతే "బాగుంది". నొప్పితో మెలికలు తిరుగుతూ "బాగుంది, బాగుంది". డాక్టరు అన్నాడు, ఒక్కోసారి అలా ఒక మాట ఇరుక్కుపోతుందట, ఏం చెప్పాలన్నా అదే బయటికొస్తుందట, దానికి అర్థం వెతక్కండి అని. ఇన్నేళ్ళూ నేను ఏ మాట కోసం మొహం వాచిపోయానో, అది ఇప్పుడు నా మొహాన రోజంతా కురుస్తోంది. ఒక్కటీ నాది కాదు.

నాకు గొడవలొద్దు. నువ్వు రా. నువ్వు తిరగేసి విన్నావో, నేను తిన్నగా విన్నానో, ఆ మనిషి ఉండగా ఆయన ఎదురుగా కూర్చుని ఇద్దరం ఏడుద్దాం. ఇద్దరికీ చెరి సగం పడింది, ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను. ఆయన రెండు రోజులుగా ఏమీ తినడం లేదు. ఈ ఉత్తరం అందిన వెంటనే బయల్దేరు.

నీ మూతపిల్ల

*

నా చిట్టిచెల్లీ,

ఇంటికి క్షేమంగా చేరాను. మీ బావగారు స్టేషనుకి వచ్చారు. సంచీ అందుకుని ముందు నడిచారు. ఇంటి తాళం తీశాక నేనే ఆయన భుజం మీద తలపెట్టి ఏడ్చాను. పెళ్ళయ్యాక ఆయన ఎదురుగా ఏడవడం ఇదే మొదటిసారి. నాన్న పోయిన రోజు కూడా నా కంట నీరు రాలేదు కదా. జనం ఏమనుకున్నారో ఏమో.

నీకు చెప్పకుండా వచ్చేసిన సంగతి ఒకటుంది. అక్కడున్నన్నాళ్ళూ చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఇల్లు చుట్టాలతో నిండిపోయి, నువ్వేమో ఒక్క క్షణం నిలబడకుండా గిన్నెలు తోముతూ తిరుగుతుంటే వీలు చిక్కలేదు. నేను వచ్చిన మర్నాడు నన్ను నాన్న దగ్గర కూర్చోబెట్టి నువ్వు మందులకి వెళ్ళావు చూడు, అప్పుడు జరిగింది.

అంతకు ముందంతా ఆయన నన్ను గుర్తుపట్టాడో లేదో మనకి తెలీలేదు. పైకప్పు కేసి చూస్తూ "బాగుంది, బాగుంది" అని గొణుగుతూనే ఉన్నాడు. నువ్వు వెళ్ళాక నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన మొహం మీదకి వంగి అడిగాను. ఎంత పిచ్చిదాన్నో చూడు, ప్రాణం పోయే మనిషిని పట్టుకుని అడిగాను. "నాన్నా, నేను పెద్దదాన్ని. ఆ రోజు అత్తయ్యతో నన్ను బంగారం అన్నావు కదా, అది కొట్టు మాటా, ఇంటి మాటా?"

గొణుగుడు ఆగిపోయింది. కళ్ళు నా వైపు తిరిగాయి. గుర్తుపట్టాడే. నన్ను గుర్తుపట్టాడు. ఒకవైపు పెదవి వణికింది, ఆ మాట పైకి వస్తోంది. ఆయనకి మిగిలింది అదొక్కటే కదా. అప్పుడు ఆయన పనిచేసే చెయ్యి లేపి తన నోరు తనే గట్టిగా మూసేసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి "బా" అన్న చప్పుడు వస్తోంది, ఆయన ఇంకా బిగించి పట్టుకుంటున్నాడు. ఊపిరి ఆడక మొహం ఎర్రబడిపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. నేను ఎంత లాగినా ఆ చెయ్యి రాలేదు. మంచం పట్టిన మనిషిలో అంత బలం ఎక్కడిదో నాకు తెలీదు.

ఆ మాట నేను ఎలా వింటానో ఆయనకి తెలుసు. అందుకే నా ఎదుట రానివ్వలేదు. గోడకీ, మందు సీసాకీ, తడిసిన పక్కకీ చెప్పిన మాటని నాకు చెప్పకుండా ఆపుకున్నాడు.  "వద్దు నాన్నా, ఏం చెప్పొద్దు, చెయ్యి తియ్యి" అన్నాను. వినలేదు. అప్పుడు నేనే అన్నాను. "అత్తయ్య నన్ను బాగా చూసుకుంది నాన్నా. చదువుకున్నాను. ఇల్లుంది, ఉద్యోగముంది. అంతా బాగుంది. నువ్వు పంపింది మంచిచోటికే. నాకేం లోటు లేదు." చెయ్యి మెల్లగా కిందికి జారింది. దాన్ని పట్టుకుని నువ్వు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

దారి పొడుగునా ఇదే ఆలోచన. నేను ఆయనతో అన్నది నిజమా, అబద్ధమా? అంతా బాగుందని నేనెప్పుడు అనుకున్నాను గనక? ఆయన ప్రాణం తేలిక పడాలని అన్నాను. అంటూ ఉండగానే కొంత నిజమనిపించింది. ఎన్ని పాళ్ళు నిజమో నన్ను నిలబెట్టి అడిగినా చెప్పలేను. ప్రేమ ఉండగానే అలాంటి మాట నోట్లోంచి వస్తుందనీ, అన్న మనిషికే అదేమిటో తెలియకపోవచ్చనీ నాకు అప్పటిదాకా తెలీదు. ఆయన గల్లా వెనక నిలబడి తుడిచిన చోటే ఎందుకు తుడిచాడో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? "నాన్నా, నాకు తెలిసింది" అని చెప్పడానికి మనిషి లేడు. ఆయన ముందు గదిలో మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయిన రోజులన్నీ తిరిగి రావు. ఒక్కసారైనా ఆయన వెనకాల వీధి చివరిదాకా పరుగెత్తి వెళ్ళి ఉండాల్సింది. ఈ బాధ నాకు పోదు మూతా, పోవాలని కూడా లేదు.

ఇక నీ సంగతి. ఆయన నన్ను, తిన్నగానో తిరగేసో, బంగారం అన్నాడు. నీకు అదీ లేదు. స్టేషనులో నువ్వు నా సంచీకి తెగిన పట్టీ నిలబడే కుట్టేశావు. దారం కొరుకుతూ తలెత్తి నా మొహంలోకి చూశావు, ఏదో అంటానేమోనని. నాకు తెలిసింది. ఒక మంచి మాట నోటిదాకా వచ్చింది. ఎదురుగా నిలబడి చెబితే నువ్వు కూడా ఇప్పుడు తిరగేసి వింటావేమో అని భయపడ్డాను. నా పాపిష్టి ఉత్తరంలో ఆ విద్య నీకు నేర్పింది నేనే కదా. "జాగ్రత్త" అని మాత్రం అని రైలెక్కేశాను.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ గల్లా లేదు, కొనేవాళ్ళు లేరు, తీసుకుపోయేవాళ్ళు లేరు. నేను, నువ్వు. చెల్లీ, నువ్వు మంచిదానివి. నాన్నకి నువ్వు చేసింది ఇంకెవరూ చెయ్యలేరు, నేనైతే అసలే చెయ్యలేను. ఆయనకి నువ్వు కావాలి, నువ్వు బతకాలి, అందుకని ఉంచుకున్నాడు. నాక్కూడా నువ్వు కావాలి. నమ్మబుద్ధి కాకపోతే రేపు మళ్ళీ రాస్తాను, ఎల్లుండి మళ్ళీ రాస్తాను, నీకు విసుగొచ్చి నమ్మేదాకా రాస్తాను.

ఈ ఉత్తరం చదివి వెంటనే ఏదో పని అందుకుంటావు, నాకు తెలుసు. అందుకోకు. మిషను మీద ఉన్నది అలాగే వదిలెయ్. ఎవరూ వచ్చి లేపరు. కాసేపు ఊరికే కూర్చో.

నీ తోడబుట్టినది